నీళ్ళు పోసే చెయ్యి

మా వీధిలో పిల్లల తలకాయలన్నీ గుండ్రంగా ఉండేవి. దేవుడు అలాగే పుట్టించాడని బయటివాళ్ళు అనుకునేవారేమో గాని, అది మా అమ్మ చేతి పని. పొందూరుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది మా ఊరు. వరి చేలు, ఓ చిన్న చెక్క గోగు చేను, పెరట్లో ఆనపపాదు, అంతే మా ఆస్తి. ఊళ్ళో ఎవరింట్లో పురుడు వచ్చినా బిడ్డకి నీళ్ళు పోయడానికి అమ్మనే పిలిచేవారు. ఆవిడ కూడా పిలవడమే ఆలస్యం, చేతిలో పని అక్కడే పడేసి వెళ్ళిపోయేది.

పెరట్లో పీట వేసుకుని కూర్చునేది. చీర మోకాళ్ళ దాకా లాక్కుని కాళ్ళు రెండూ బారచాపేది. ఆ కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి, ఆముదం మర్దించి, నలుగు పెట్టి, ముక్కు నొక్కి, తల ఒత్తి, చెంబుతో వేణ్ణీళ్ళు పోసేది. బిడ్డ గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంటే కన్నతల్లి గుమ్మంలో నిలబడి చీర కొంగు నలుపుకునేది. అమ్మకి అది చూస్తే ఒళ్ళుమంట.

"నువ్వెందుకే ఇక్కడ? నీ సూపులకే బిడ్డ బెదురుతన్నాది. లోపలికెల్లి గంజి తాగు," అని కసిరేది.

నీళ్ళ వేడి మోచెయ్యి ముంచి తనే చూసుకునేది. ఇంకొకళ్ళు చెయ్యి పెట్టబోతే ఊరుకునేది కాదు. "నా మోచేతికి తెలీంది నీ ఏలికి తెలుస్తాదేటి?" అనేది. ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు.

నా కుడి డొక్క మీద రెండు మచ్చలున్నాయి, చింతగింజలంతేసి. నేను పాలు తాగే వయసులో జలుబు చేసి ఊపిరాడక డొక్కలు ఎగరేశానట. అమ్మ పసుపు కొమ్ము నిప్పులో కాల్చి చురకలు పెట్టిందట. నేను బతికాను. ఇంటికి ఎవరొచ్చినా నా గౌను పైకెత్తి ఆ మచ్చలు చూపించేది. "ఈ గుంటని యముడి నోట్లోంచి పీకినాను," అనేది. నాకు సిగ్గేసేది. కాని లోపల్లోపల గొప్పగానూ ఉండేది. ఆ మచ్చలు మా ఇద్దరికే తెలిసిన ఒప్పందంలా అనిపించేవి. అమ్మ ఉండగా నాకేమీ కాదని అవి నాతో చెబుతున్నట్టే ఉండేది.

అరవైల చివరి సంవత్సరాలవి. నాకు పెళ్ళయింది, బొబ్బిలి ఇచ్చారు. మా ఆయన గోగునార వ్యాపారి దగ్గర గుమస్తా. ఇంట్లో మా అత్తా, ఆయనా, నేనూ. మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. దాని తల కూడా అమ్మ కాళ్ళ మీదే గుండ్రమైంది. నన్నూ గుమ్మంలో నిలబడనిచ్చేది కాదు. గంజి తాగి రమ్మనేది.

పిల్లకి నాలుగో నెల నిండిందో లేదో నాకు విజయనగరంలో టీచరు ట్రైనింగుకి సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. మా ఆయన వెళ్ళమన్నాడు. పిల్లని బొబ్బిలిలో ఉంచమని మా అత్త అంది. పిల్లల పెంపకంలో మా అమ్మని మించినవాళ్ళు లేరని నేనే అన్నాను. మా అత్త మూతి తిప్పుకుంది గాని కాదనలేదు. ప్రతి శనివారం విజయనగరంలో పాసింజరెక్కి పొందూరులో దిగి ఇంటికి వచ్చేలా అనుకున్నాం.

వెళ్ళే ముందు అమ్మని ఒక మాట అడిగాను. అప్పటికి నాకు కాస్త చదువు వంటబట్టింది. చురకల వల్ల ఊపిరి బాగుపడదని, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని బళ్ళో ఒక నర్సమ్మ వచ్చి చెప్పినప్పుడు విన్నాను. అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాను.

"అమ్మా, దీనికి సురకలు మాత్రం ఎట్టకు. ఏటొచ్చినా నాన్నకి సెప్పి శీకాకులం ఆస్పత్రికి పట్టుకెల్లిపోండి."

"నీకెడితే బతికినావు కాదేటి?"

"బతికినాను. దీనికి మాత్రం వొద్దు. ఒట్టెయ్యి."

అమ్మ నవ్వింది. సదువుకున్న కూతురు దొరికింది నాకు, అని పక్కింటావిడతో అంది. అని నా చేతిలో చెయ్యి వేసి, "ఎట్టనులే, ఒట్టు," అంది. ఆ చెయ్యి ఆముదం రాసి రాసి మెత్తగా ఉండేది. దాన్ని నమ్మి రైలెక్కాను.

చలికాలం వచ్చింది. ఒక సోమవారం నేను హాస్టలుకి బయల్దేరేసరికి పిల్లకి ముక్కు కారుతోంది, అంతే. రెండు రోజులు పోయాక మా ఊరివాడొకడు మధ్యాహ్నం క్లాసులో ఉండగా వచ్చాడు. "పాపకి బాగోలేదు, శీకాకులం ఆస్పత్రిలో ఉన్నారు, బేగి రా," అన్నాడు. దారిలో ఏమి ఆలోచించానో గుర్తు లేదు. బస్సులో పక్కన ఒకావిడ ఉడకబెట్టిన కందికాయలు ఒలుచుకు తింటూ నాకూ గుప్పెడు పెట్టింది. తిన్నాను. అది మాత్రం బాగా గుర్తుంది.

ఆస్పత్రిలో పిల్ల మంచం పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. డాక్టరుగారు పిల్ల గుడ్డ తొలగించి చూస్తున్నారు. రెండు డొక్కల మీదా చురకలున్నాయి. నావాటికంటే చిన్నవి, ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"ఎవరు పెట్టారివి?" అన్నారాయన.

నాన్న తల వంచుకున్నాడు. అమ్మ బళ్ళో పిల్లలా చెయ్యి ఎత్తింది. "నానే," అంది.

ఆయన తిట్టలేదు. తిడతారనే ముగ్గురమూ చూశాం. "ఈ వాతలతో తగ్గేది కాదమ్మా, నెమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. నిన్న తెచ్చుంటే చూసేవాణ్ణి," అని వెళ్ళిపోయారు. సంగతంతా ఆ తర్వాత నాన్న చెప్పాడు. ముందు రోజు పొద్దున్నే బస్సుకి వెళ్దామన్నాడట. డొక్కలు ఎగరేస్తున్న పిల్లని చలిగాలిలో బస్సెక్కిస్తే చచ్చిపోతుందని అమ్మ అడ్డం పడిందట. చురకలు పెట్టాక పిల్ల ఏడుపు మానేసింది. తగ్గిందనుకుని అమ్మ ఆ రోజంతా దాన్ని ఒళ్ళోంచి దించలేదట. అది తగ్గి కాదు మానేసింది, ఓపిక లేక.

మర్నాడు అన్నాల వేళ పిల్ల పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గదా, మా ఇంట్లో ఆ ఆకులు పట్టుకోవడానికి కూడా ఎవరికీ చేతులాడలేదు. పిల్లని మా గోగు చేను గట్టున పాతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మొహంలోకి చూసేవారు. నేను ఏడవలేదు. పిన్ని వరస ఆవిడొకర్తి నా జబ్బ గట్టిగా గిల్లింది కూడా. "ఏడవే తల్లీ, ఏడవకపోతే గుండె ఆగిపోతాది," అంది. గిల్లితే నొప్పి పుట్టింది. ఏడుపు రాలేదు. పెరట్లో కోడి తన పిల్లలకి మట్టి కెలికి చూపిస్తుంటే, దానికి ఎన్ని పిల్లలో చూస్తూ కూర్చున్నాను.

నాకేమీ అనిపించలేదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత రాయడం తేలికే. అప్పుడు దాన్ని మొయ్యడం కష్టంగా ఉండేది. దుఃఖముంటే ఏడుస్తాం, కోపముంటే తిడతాం. ఏమీ లేకపోతే మనిషి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. అన్నం పెడితే తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని.

పాలు మాత్రం ఆగలేదు. రవిక తడిసిపోయేది. పాలు వెనక్కి పోవాలంటే మల్లెపూలు కట్టాలని అమ్మ ఎక్కణ్ణుంచో తెప్పించింది. చలికాలంలో మల్లెపూలు ఎక్కడ దొరికాయో నేను అడగలేదు. తలుపు దగ్గరగా వేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రొమ్ముల మీద పూలు పరిచి పాత పంచె చింపి చుట్టింది. నేను కర్రలా కూర్చున్నాను. ముడి వేస్తూ ఆగింది.

"నన్ను తిట్టవే," అంది.

నేను కింద రాలిన పువ్వొకటి ఏరి ఆవిడకి ఇచ్చాను.

"ఒక్క తిట్టు తిట్టు. సెయ్యిరిగిపోవాలని తిట్టు. నీ ఒట్టు తినేసినాను కదే."

"ఏటని తిట్టను?" అన్నాను. నిజంగానే అడిగాను. నాకు తిట్లేవీ గుర్తు రాలేదు.

అమ్మ ముడి బిగించింది. బిగించి, నా డొక్క మీద మచ్చల దగ్గర చెయ్యి వేయబోయి తీసేసుకుంది. ఈ రోజుకీ నేను మల్లెపూలు పెట్టుకోను. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఇస్తే తీసుకుని పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను.

మా అత్త వచ్చింది. "అత్త మంచీ వేము తీపీ లేవు" అంటారు. మా అత్త ఆ సామెతకి అన్యాయం చేసే మనిషి కాదు. వీధి అరుగు మీద నిలబడే మా నాన్నతో అంది, "అన్నియ్యా, మా కోడల్ని తీసుకుపోతన్నాను. ఇంకెప్పుడూ మీ గడప తొక్కదు. మీ ఆడోళ్ళు మా గడప తొక్కొద్దు." నాన్న చేతులు కట్టుకుని విన్నాడు. అమ్మ లోపలే ఉండిపోయింది. మా ఆయన నా పెట్టె ఎత్తుకున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదాయన. "నువ్వు ట్రైనింగు పూర్తి చెయ్యి," అని మాత్రం రైల్లో అన్నాడు. చేశాను. బొబ్బిలి దగ్గర పల్లెలో బడి ఇచ్చారు.

అమ్మ నీళ్ళు పోయడం మానేసింది. పురుడొచ్చిన ఇళ్ళవాళ్ళు వచ్చి బతిమాలితే, "నా సేతికి పిల్లల్ని ఇవ్వకండర్రా," అనేదట. దాని రాత అలా ఉంది, నువ్వేం చేస్తావు అని ఓదార్చబోతే, "రాతేటి? నా సెయ్యే," అనేదట. ఇంట్లో పసుపు కొమ్ములు లేకుండా చేసేసింది. కూరలోకి దంచిన పసుపు పక్కింట్లోంచి తెచ్చుకునేది. ఇవన్నీ నాన్న చెప్పిన సంగతులే.

నాన్న అప్పుడప్పుడు బొబ్బిలి వచ్చేవాడు. సంచిలో రాగులు విసిరిన చోడిపిండి, బెల్లం, ఆనపకాయలు తెచ్చేవాడు. అన్నీ అమ్మ సర్ది పంపినవే. అరుగు మీద కూర్చుని, వియ్యపురాలి ఇంట్లో మంచినీళ్ళయినా ముట్టకుండా, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. మా అత్త చోడిపిండి తీసుకునేది. ఆ పిండితో అంబలి కాచి తాగేది కూడా. మనుషుల మీది పంతం చోళ్ళ మీద ఎందుకు అనేది.

ఒకసారి నాన్న వెళ్ళడానికి లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ కూర్చున్నాడు.

"మీ యమ్మ ఒక మాట అడిగి రమ్మంది."

"ఏటి?"

"ఒగ్గీసినట్టేనా, అని."

ఒగ్గీయడమంటే వదిలెయ్యడం. మా వైపు క్షమించడానికీ ఆ మాటే. నేను అప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చేట మీంచి తల ఎత్తకుండానే, "ఒగ్గీసినానని సెప్పు," అన్నాను. నాన్న మొహం విప్పారింది. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు పాపం. తువ్వాలు భుజాన వేసుకుని చిన్నపిల్లాడిలా వెళ్ళాడు.

మళ్ళీ వచ్చినప్పుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మీ యమ్మ నమ్మలేదు. సెప్పినప్పుడు నువ్వేటి సేస్తన్నావని అడిగింది. బియ్యం ఏరుతన్నావన్నాను. అయితే అది ఒగ్గీయడం కాదంది."

ఆవిడ అన్నది నిజం. బిచ్చగాడి మొహం చూడకుండా గుప్పెడు గింజలు వేసి పంపినట్టు నేను ఆ మాట అనేశాను. నాకు ఖర్చయిందేమీ లేదు. కోపముంటే కదా దాన్ని వదులుకోవడం! నాలో పోయింది వేరే. రైలెక్కేముందు ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు ఉన్నది పోయింది. దాన్ని మళ్ళీ తెప్పించుకోవడం నా చేతిలోనూ లేదు, ఆవిడ చేతిలోనూ లేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ నెల తప్పాను. కాన్పు బొబ్బిలిలోనే అయింది. మళ్ళీ ఆడపిల్లే. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించినట్టే ఉన్నాను. పిల్ల నిద్రపోతుంటే దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అది ప్రేమో భయమో నాకు తెలిసేది కాదు. ఏదైతేనేం, చేస్తూనే ఉన్నాను.

పిల్లకి నీళ్ళు మా అత్తే పోసింది, కొద్ది రోజులు. ఆవిడకి ఎప్పటినుంచో నడుం నొప్పి. ఒక పొద్దున్న పీట మీద కూర్చుని లేవలేకపోయింది. మా ఆయనా నేనూ లేవదీసి మంచం మీద పడుకోబెట్టాం. పడుకునే అంది, "మీ యమ్మకి కబురెట్టు."

నేను విననట్టు పీట తీసి గోడకి ఆనించాను.

"సెవుడా ఏటి? నాను తొక్కొద్దన్న గడప నానే తొక్కమంటన్నాను. అదేటి నామోషీ నాకు? నడుం వొంగితే నీళ్ళు నానే పోద్దును." అంతలోనే గొంతు తగ్గించింది. "నీ పిల్ల, నీ యమ్మ. నీ ఇష్టం. ఇస్తే ఇయ్యి, లేకపోతే పిల్లకి తడిగుడ్డెట్టి తుడిసీ."

రెండు రోజులు తడిగుడ్డ పెట్టి తుడిచాను. నా కాళ్ళ మీద పడుకోబెట్టుకుందామని చూశాను. పిల్ల జారిపోతుందేమోనని వెంటనే ఎత్తేసుకున్నాను. ఊరందరి పిల్లలకీ నీళ్ళు పోసినావిడ కూతురికి ఆ పని రాదు. గుమ్మంలో నిలబడనిస్తే కదా నేర్చుకునేది! మూడో రోజు నాన్నకి కబురు పెట్టాను. పెట్టాక, ఎందుకు పెట్టానా అని ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను. నాకు తిట్లు రాకపోవడమేమీ లేదని అప్పుడు తెలిసింది.

అమ్మ వచ్చింది. పొందూరు చీర, పలచబడిన జుట్టు. పాదాలకి పసుపు లేదు. నేను చివరిసారి చూసినప్పటి కంటే చిన్నదైపోయింది. గుమ్మం దగ్గర ఆగి మా అత్త మంచం వైపు చూసింది. "రా ఒదినా, కాళ్ళు కడుక్కో," అంది మా అత్త గోడ వైపు తిరిగి.

అమ్మ పిల్లని చూడ్డానికి లోపలికి రాలేదు. వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోమింది. మా అత్త నడుముకి ఆముదం రాసింది. బావిలోంచి నీళ్ళు తోడింది. పిల్ల ఏడుస్తుంటే చేస్తున్న పని ఆపి నిలబడేది, మళ్ళీ చేసేది. కబురు ఎందుకు పెట్టామో ఆవిడకి తెలుసు. తెలిసే నూతి దగ్గర తిరుగుతోంది.

మర్నాడు పొద్దున్న పెరట్లో నేనే పొయ్యి ముట్టించి నీళ్ళు కాచాను. పీట వేశాను. ఆముదం గిన్నె, నలుగు పిండి పక్కన పెట్టాను. పిల్లని ఎత్తుకుని వచ్చాను.

"అమ్మా, కాళ్ళు సాపు."

"వొద్దే."

"సాపు."

"నాకు ఇవ్వకే అమ్మీ. నానొద్దు. నీకు దండం పెడతాను."

"మరెవలు పోస్తారు? నాకు రాదు. నువ్వు నేర్పలేదు."

గట్టిగానే అన్నాను. మా ఇంట్లో నా గొంతు అంత పైకి లేవడం ఎన్నాళ్ళకో. మంచం మీంచి మా అత్త తల ఎత్తి చూసింది. ఆ మాటలో తిట్టు ఉంది. అమ్మ ఎన్నాళ్ళనుంచో అడుగుతున్న తిట్టు అదేననుకుంటాను, ఎందుకంటే అది విని ఆవిడ దండం పెట్టబోయిన చేతులు దించేసింది. వచ్చి పీట మీద కూర్చుంది. చీర మోకాళ్ళ దాకా లాక్కుంది. కాళ్ళు చాపింది.

పిల్లని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి నేను లేవబోయాను. పాత అలవాటు, తల్లులు లోపలికి పోవాలి గదా. అమ్మ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"నువ్వు ఎక్కడికీ ఎల్లకు. ఇక్కడే కూకో. నా సేతులే సూస్తూ కూకో," అంది.

కూర్చున్నాను. ఆముదం రాసింది, నలుగు పెట్టింది. చేతులు ఏదీ మరిచిపోలేదు. పిల్ల డొక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేళ్ళు పైకి లేచి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళాయి. అక్కడ నేనే రాశాను.

తర్వాత చెంబు తీసుకుని కాగులో ముంచింది. మోచెయ్యి పెట్టలేదు. చెంబు నా వైపు చాపింది.

"ఏడి సూడు. సరిపోయిందా?"

జీవితంలో ఎవరినీ అడగని మాట అది. నేను నాలుగు వేళ్ళూ చెంబులో ముంచాను. నీళ్ళు చురుక్కుమన్నాయి. ఆ చురుకు చేతి మీంచి ఎక్కడిదాకానో పాకింది, కళ్ళల్లోకి నీళ్ళు తిరిగాయి. గోగు చేను గట్టున రానివి, గిల్లినా రానివి అప్పుడు వచ్చాయి.

"ఏడిగా ఉన్నాది," అన్నాను. "సన్నీళ్ళు కలుపు."

కలిపింది. మళ్ళీ చాపింది. మళ్ళీ చూశాను. అప్పుడు పోసింది.

ఆ తర్వాత నాకు ఇంకో ఇద్దరు పుట్టారు. వాళ్ళకీ అమ్మే నీళ్ళు పోసింది. మా అత్తా అమ్మా ఒకే అరుగు మీద కూర్చుని చోళ్ళు చెరిగేదాకా వచ్చారు. నేను అమ్మని ఒగ్గీశాను, నిజంగానే, మనసారా. అయినా ఆవిడ ప్రతి పొద్దున్నా మొదటి చెంబు నా వైపు చాపి వేడి చూడమనేది. చాలమ్మా, నీకు తెలియదా అని నేను ఒక్క రోజయినా అనలేదు. ప్రతిసారీ వేళ్ళు ముంచి చూశాను.